అనాథ చర్య

ఇరవై ఆరేళ్లుగా నేను ఎముకలు విరిగినవాళ్లకి సిమెంటు కట్లు కడుతున్నాను. ముక్కోటిపాలెం ఏరియా ఆసుపత్రిలో మెట్లెక్కగానే రెండో తలుపు నాది. పేరు వీరభద్రం. నా పద్ధతి చాలా మోటు పద్ధతి. డాక్టరుగారు రాసిన చీటీ చూస్తాను, ఎక్స్‌రే చూస్తాను, ఆ తర్వాత మనిషిని చూస్తాను. వాచినచోట మెల్లిగా వేలు పెడతాను. మనిషి "అమ్మో" అంటే అక్కడ కడతాను. ఈ పద్ధతి మూలాన ఇరవై ఆరేళ్లలో ఒక్క మంచి చేతికైనా కట్టు కట్టే భాగ్యం కలగలేదు. ఆ లోటు మొన్న శ్రావణమాసంలో తీరింది.

తీర్చినది దర్పణం. కాగితం చీటీలు రద్దుచేసి, వాటి బదులు ఊరూరా ఆసుపత్రుల్లో పెట్టిన కంప్యూటరు పద్ధతికి అది పేరు. దాన్ని మాకు నేర్పడానికి రాజధాని నుంచి విద్యాధర్‌గారు వచ్చారు. ఆయన హోదా చికిత్సా సమాచార సమన్వయాధికారి. మెడలో మూడు గుర్తింపు కార్డులు, చేతిలో ఒక ట్యాబు. తను డాక్టరు కాదని ఆయనే ముందుగా, కొంచెం గర్వంగానే చెప్పారు.

"నాకు రోగులతో సంబంధము లేదు. కావున నా దృష్టి నిష్పాక్షికము" అన్నారు.

ఆ తర్వాత పాఠం మొదలెట్టారు. "వైద్యము అనునది రెండు భాగములు. ఒకటి ఆదేశము, రెండవది చర్య. డాక్టరు ఆదేశమిచ్చిన తక్షణము తెరపై పసుపు గడి ఏర్పడును. మీరు చర్య జరిపిన పిమ్మట అది ఆకుపచ్చ అగును. ఇరువది నాలుగు గంటలలోపు జరపనియెడల ఎరుపు అగును. ఎరుపు గడులన్నియు రాజధానిలో మా డైరెక్టరుగారి గోడపై కనబడుచుండును."

హెడ్‌నర్సు చెయ్యెత్తింది. "మరి ఆదేశం రాకుండానే పని జరిగిపోతేనండీ? నిన్న ఒకావిడ మన గేటు దగ్గర ఆటోలోనే కనేసింది."

"దానిని అనాథ చర్య అందురు. నల్లగడి."

"పిల్లాడు బాగానే ఉన్నాడండి."

"పిల్లవాడు బాగుండవచ్చును. ప్రసవము మాత్రము జరగలేదు" అన్నారు విద్యాధర్‌గారు.

మేమందరం రాసుకున్నాం. ఆ ప్రసవానికి వెనకతేదీతో ఆదేశం పుట్టించడానికి మూడు రోజులు పట్టింది. తల్లి పడ్డ నొప్పులకన్నా హెడ్‌నర్సు పడ్డవే ఎక్కువని ఆసుపత్రిలో చెప్పుకున్నారు.

మా సూపరింటెండెంటు డాక్టర్ పంచాక్షరిగారు చెడ్డమనిషి కాదు. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. ఈలోగా ఒక్కసారైనా మా ఆసుపత్రి జిల్లాలో మొదటిస్థానానికి రావాలని ఆయన కోరిక. దర్పణం రోజూ పొద్దున్నే స్థానాలు ప్రకటిస్తుంది. పంచాక్షరిగారు దాన్ని స్వయంగా చూసి, గుమ్మంలో నల్లబల్లమీద సుద్దముక్కతో అంకె వేసేవారు. మొదటి నెలాఖరుకి మేము రెండో స్థానంలో ఉన్నాం. ఆయన నడకలో ఎక్కడలేని హుషారూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే లోవరాజు కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు.

లోవరాజుది దింపు తీసే పని. రోజుకి ముప్ఫై నలభై చెట్లెక్కి కాయలు దింపుతాడు. ఆరోజు దిగుతూండగా నడుంకి కట్టుకున్న మోకుతాడు జారి ఎనిమిదడుగుల ఎత్తునుంచి పడి, కుడిచెయ్యి నేలకి ఆన్చాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. భార్య కనకరత్నం, అతను పడకుండా నడుం పట్టుకుని, తిడుతూ తీసుకొచ్చింది.

డ్యూటీలో ఉన్నది డాక్టర్ హిమబిందు. మొదటి ఉద్యోగం, తెలివైన పిల్ల. ఆరోజు ఆమె గది బయట నూటనలభై మంది ఉన్నారు. దర్పణంలో చీటీ రాసే పని లేదు. తెరమీద ఒక మనిషి బొమ్మ నిలబడి ఉంటుంది. జబ్బు ఎక్కడుంటే బొమ్మమీద అక్కడ వేలు పెడితే ఆదేశం దానంతటదే తయారవుతుంది. లోవరాజు ఆమె పక్కనే స్టూలుమీద తెరకేసి తిరిగి కూర్చున్నాడు. అతని కుడిచెయ్యి ఎటుందో బొమ్మలో ఆమె అటే వేలు పెట్టింది. ఆ బొమ్మ మాత్రం మనకి ఎదురుగా నిలబడి ఉంది. ఎదురుగా ఉన్నవాడికి అటుండేది ఎడమచెయ్యి. ఆ విధంగా లోవరాజు ఎడమచేతికి మోచెయ్యి దాటి కట్టు వేయవలెనని ఆదేశం వెలువడింది.

లోవరాజు నా గదికి వచ్చాడు. నేను పాత అలవాటుకొద్దీ మనిషిని చూశాను. కుడిచెయ్యి ఆనపకాయలా వాచి ఉంది. వేలు పెట్టాను. "అమ్మో" అన్నాడు. కట్టాను. ఆ తర్వాత నాకిచ్చిన ట్యాబులో "పూర్తయినది" అని నొక్కాను. ఏ చెయ్యి అని అడిగింది. కుడి అని చెప్పాను. నేను చేసిన నేరం అది.

మర్నాడు మధ్యాహ్నానికి తెరమీద రెండు గడులు వెలిశాయి. ఆదేశం ఉండీ కట్టని ఎడమచేతికి ఎరుపు. ఆదేశం లేకుండా కట్టిన కుడిచేతికి నలుపు. నల్లబల్లమీద రెండు చెరిగి తొమ్మిది పడింది.

పంచాక్షరిగారి గదిలో మీటింగు పెట్టారు. హిమబిందు లేచి నిలబడింది.

"తప్పు నాదే సార్. కుడి బదులు ఎడమ పెట్టేశాను. ఇప్పుడే దిద్దేస్తాను."

"సంతకమైన ఆదేశమును దిద్దరాదు. అది చరిత్ర" అన్నారు విద్యాధర్‌గారు.

"పోనీ రద్దు చేస్తాను సార్."

"చేయవచ్చును. అందుకు కారణములు మూడు మాత్రమే కలవు. రోగి మరణించుట, రోగి పరారగుట, రోగి నిరాకరించుట. ఏది కావలెనో తమరే ఎంచుకొనవచ్చును."

ఒక్కొక్కటే పరిశీలించారు. మరణం నొక్కితే డెత్ సర్టిఫికెట్టు దానంతటదే వస్తుంది, రేషన్‌కార్డులోంచి పేరు పోతుంది. పరారీ నొక్కితే పోలీస్‌స్టేషనుకి కబురు వెళ్తుంది. నిరాకరణ నొక్కితే ఏడాదిపాటు ఏ సర్కారు ఆసుపత్రిలోనూ ఆ మనిషికి వైద్యం ఉండదు. పంచాక్షరిగారు పరారీ దగ్గర కాస్సేపు ఆగారు. స్టేషన్ ఎస్సై తనకి తెలిసినవాడేనని కూడా అన్నారు. చివరికి ఆయన ముఖం వికసించింది.

"ఇంత గొడవెందుకయ్యా? ఆదేశం ఉంది కదా. దాన్ని నెరవేర్చేస్తే పోలా?"

విద్యాధర్‌గారు ట్యాబు బల్లమీద పెట్టి చప్పట్లు కొట్టారు.

నేను సిమెంటు పట్టీలు తడుపుతుంటే లోవరాజు తన ఎడమచేతిని అటూ ఇటూ తిప్పి చూపించాడు. "ఇది బాగానే ఉందండి."

"తెలుసు."

"మరెందుకండీ?"

వెనకాల నిలబడి ఉన్న పంచాక్షరిగారు "ముందుజాగ్రత్త" అన్నారు.

మోచెయ్యి దాటి కట్టు వేస్తే చెయ్యి వంగదు, నోటిదాకా రాదు. ఒక్క చేతికైతే రెండోది ఉంటుంది. రెండు చేతులకీ వేస్తే మనిషి దిష్టిబొమ్మ అవుతాడు. కనకరత్నం నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఓ సెయ్యి ఇరిగితే రెండో సేత్తో తినేవోడండి. ఇప్పుడు ఈయన మూతికి ముద్దెవరు పెడతారండీ, ఆ కంపూటరొచ్చి పెడతాదా? ముక్కుమీద దోమ వాలితే ఎవరు తోల్తారండీ?"

"ఊరుకోవే, డాట్రుగారు పెద్దోరు, ఆరికి తెలీదా?" అన్నాడు లోవరాజు.

నాకు సిగ్గేసింది. తలెత్తకుండా కట్టాను. లోవరాజుని వార్డులో ఉంచేశారు. ఎరుపు గడి ఆకుపచ్చ అయ్యింది. నల్లబల్లమీద తొమ్మిది చెరిగి నాలుగు పడింది. నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో అసలు విరగని చేతికి కట్టిన మొట్టమొదటి కట్టు అదే. నాజూకుగా కుదిరింది కూడా. కదలని ఎముకమీద కట్టడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

ఇక నల్లగడి మిగిలింది. దాని సంగతి దర్పణమే చూసుకుంది. అనాథ చర్యని ఎవరూ పట్టించుకోకపోతే నాలుగోరోజున దాన్ని వెనక్కి తీయమని ఆదేశం దానంతటదే పుడుతుందట. పుట్టింది. "రోగి కుడిచేతి కట్టు విప్పవలెను. గడువు ఇరువది నాలుగు గంటలు. కట్టు విప్పిన చేతి ఫోటో జతపరచవలెను."

విరిగిన ఎముక నాలుగోరోజుకి ఇంకా పచ్చిగానే ఉంటుంది. అప్పుడు కట్టు విప్పితే కూర్చిన ముక్క మళ్లీ జారుతుంది. తర్వాత ఎంత బాగా కట్టినా మణికట్టు వంకరగానే అతుక్కుంటుంది. గుమాస్తాకైతే వంకర మణికట్టుతో రోజు గడుస్తుంది. దింపు తీసేవాడికి ఒకచెయ్యి మాను పట్టుకోవాలి, ఇంకోచెయ్యి కత్తి పట్టుకోవాలి. మానుమీద పట్టు జారితే కింద నేల తప్ప మరేమీ లేదు.

ఇదంతా లోవరాజుకి నేను చెప్పనక్కర్లేకపోయింది. "ఈ సెయ్యి వంకరైతే నన్నింక సెట్టెవడు ఎక్కనిత్తాడండీ?" అన్నాడు. ఆ మాట గట్టిగా కూడా అనలేదు. కనకరత్నం ఆరోజు తిట్టడం మానేసింది. అది చూసి నాకు భయం వేసింది.

హిమబిందు కుడిచేతికి కట్టు వెయ్యమని కొత్త ఆదేశం ఇవ్వబోయింది. ఈసారి బొమ్మమీద సరైన చెయ్యే నొక్కింది. "ఈ చేతికి కట్టు ఇప్పటికే ఉన్నది. విప్పిన పిమ్మట ప్రయత్నించుడు" అని దర్పణం జవాబిచ్చింది. ఆ పిల్లకి కళ్లనీళ్లు తిరిగాయి.

పంచాక్షరిగారు నన్ను పిలిచి భుజంమీద చెయ్యి వేశారు. "ఒక్క పూట విప్పి మళ్లీ కట్టెయ్యవయ్యా వీరభద్రం. మధ్యలో ఫోటో తీసుకుంటే చాలు."

"విప్పనండి."

"మెమో ఇవ్వాల్సొస్తుంది."

"ఇవ్వండి. ఆ మెమో ఇవ్వమని కూడా ఆదేశం ఉందో లేదో ఒకసారి చూసుకోండి."

ఆయన ముఖం మాడింది. నాకూ ఒళ్లు మండిపోతోంది. ఎముక నాది కాదు, పంచాక్షరిగారిది కాదు, విద్యాధర్‌గారిది అసలే కాదు. అది ఎవరిదో ఆ గదిలో ఒక్కరూ అడగలేదు.

నా గదికి వచ్చి తలుపు గడియ పెట్టాను. గడువు ఇంకా రెండు గంటలుంది. బల్లమీద ట్యాబు ఉంది, పక్కన నా కుడిచెయ్యి ఉంది. నేను ఆ చేతికేసి చూశాను. దానికి కట్టు లేదు. దర్పణానికి కావలసింది కట్టు లేని కుడిచెయ్యే కదా. ఎడమచేత్తో ఫోటో తీసి, "పూర్తయినది" నొక్కాను.

నల్లగడి మాయమయ్యింది. విప్పమన్న ఆదేశం ఆకుపచ్చ అయ్యింది. నేను వార్డుకి వెళ్లేసరికి పంచాక్షరిగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. తెర చూశారు. మంచంమీద రెండు చేతులూ కట్లతో కూర్చున్న లోవరాజుని చూశారు. మళ్లీ తెర చూశారు.

"విప్పేశావన్నమాట" అన్నారు.

"విప్పేశానండి."

"అలా దారికి రా" అని ఆయన తృప్తిగా వెళ్లి నల్లబల్లమీద ఒకటి వేశారు. ఆ సాయంత్రం అందరికీ పూతరేకులు పంచారు. లోవరాజు వాటా కనకరత్నం అతని నోట్లో పెట్టింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. దర్పణానికి ఫోటోలు తనంతట తనే పరీక్షించే తెలివి కూడా ఉందని నాకు తెలియదు. ఇక్కడ నా చెయ్యి సంగతి కొంచెం చెప్పాలి. నా కుడి చిటికెనవేలు వంకర. ఆరేళ్ల వయసులో తలుపు సందులో పడి విరిగితే, కట్టినవాడు పక్కవాడితో కబుర్లు చెబుతూ చూడకుండా కట్టాడు. అందుకే పట్టుదలగా ఈ ఉద్యోగంలో చేరానని చెప్పుకుంటే బావుంటుంది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ నుంచి కార్డు వచ్చిందని చేరాను.

మర్నాడు పొద్దున్నే లోవరాజు పేరుమీద కొత్త పసుపు గడి వెలిసింది. "పరిశీలనలో రోగి కుడిచేతి చిటికెనవేలి ఎముక వంకరగా ఉన్నట్లు తేలినది. కుడిచేతికి మోచెయ్యి దాటి కట్టు వేయవలెను. ఆరు వారములు."

హిమబిందు అది రెండుసార్లు చదివి, నోటికి అడ్డంగా చున్నీ పెట్టుకుంది. ఆ పిల్ల నవ్వగా చూడటం నాకు అదే మొదలు. నేను ట్యాబు పట్టుకెళ్లి లోవరాజు కుడిచేతికి ఐదు రోజులనుంచీ ఉన్న కట్టునే ఫోటో తీశాను. "పూర్తయినది" నొక్కాను. గడి ఆకుపచ్చ అయ్యింది. ఆ విధంగా ఆ కట్టుకి అనాథత్వం పోయి, తల్లీతండ్రీ దొరికారు.

ఆరు వారాలూ కనకరత్నమే ముద్దలు కలిపి పెట్టింది, బీడీ వెలిగించి నోట్లో పెట్టింది, వీపు గోకింది. "పెళ్లినాటినుంచీ ఇన్ని పన్లు సేయించుకోలేదండి ఈయన" అంది నాతో. లోవరాజు సిగ్గుపడి తల దించుకున్నాడు.

ఆరు వారాల తర్వాత రెండు చేతుల కట్లూ విప్పమని ఆదేశాలు వచ్చాయి. విప్పాను. కుడి మణికట్టు గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఎక్స్‌రేలో అతుకు కుదిరిన జాగా లేతగా కనిపించింది. నా ప్రాణం అప్పుడు కుదుటపడింది.

వారం తిరక్కుండా విద్యాధర్‌గారు దండలతో వచ్చారు. ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. ఆయన మైకు అందుకున్నారు.

"ఈ రోగి విషయములో రెండు అద్భుతములు జరిగినవి. ఎడమచేయి. విరిగినట్లు ఆదేశము కలదు. కట్టు విప్పిన పిమ్మట తీసిన ఎక్స్‌రేలో విరిగిన జాడయే లేదు. ఇంతటి సంపూర్ణ ఫలితము దర్పణ చరిత్రలో ఇదియే ప్రథమము. ఇక కుడిచేయి. చికిత్సకు పూర్వము తీసిన ఫోటోతో పోల్చి చూడగా వంకరవేలు తిన్ననైనది, నెరసిన రోమములు నల్లబడినవి, మొత్తముమీద చేతి వయస్సు పంతొమ్మిది సంవత్సరములు తగ్గినది."

జనం చప్పట్లు కొట్టారు. నాకు యాభైమూడు, లోవరాజుకి ముప్ఫైనాలుగు. దర్పణం లెక్కలో పొరపాటు లేదు. పంచాక్షరిగారు కళ్లు తుడుచుకున్నారు. నాకు శాలువా కప్పారు. నేను కుడిచెయ్యి శాలువాలోంచి బయటికి తియ్యలేదు.

"వీరభద్రంగారూ, తమ పద్ధతి రాష్ట్రమంతటా ప్రవేశపెట్టదలచితిమి. ఇందలి రహస్యమేమో సభకు తెలియజేయుడు" అని విద్యాధర్‌గారు మైకు నా మూతి దగ్గర పెట్టారు.

అబద్ధం చెప్పడానికి అప్పటికి ఓపిక అయిపోయింది. "ఏం లేదండీ. చూసి కట్టాను."

"ఏమి చూసి?"

"మనిషిని."

విద్యాధర్‌గారి నుదురు ముడిపడింది. ట్యాబులో కాస్సేపు వెతికారు. "చూచుట... ఈ చర్య ఏ గడిలోను లేదే! ఇన్ని సంవత్సరములు దీనిని ఎవరి ఆదేశముపై జరిపితిరి?"

"ఎవరూ ఆదేశించలేదండి."

ఆయన గబగబా రాసుకున్నారు. సభలో ఆ తర్వాత జాతీయగీతం పాడారు.

పది రోజులకి సర్క్యులర్ వచ్చింది. "క్షేత్రస్థాయి సిబ్బంది అనాదిగా ఆదేశరహితముగా రోగులను చూచుచున్నట్లు ప్రభుత్వము వారి దృష్టికి వచ్చినది. ఇకపై చూచుట అనునది గుర్తింపు పొందిన చర్యగా పరిగణింపబడును. ఆదేశము లేకుండ చూచిన యెడల అనాథ చర్యగా నమోదు చేసి, బాధ్యులపై తగు చర్య తీసుకొనబడును." గది మూలలో ఒక కెమెరా కూడా బిగించారు.

అప్పటినుంచీ నా కుర్చీ గోడవైపు తిప్పి ఉంటుంది. రోగి వస్తాడు, నా వెనకాల స్టూలుమీద కూర్చుని మూలుగుతాడు. హిమబిందు గదిలో నూటనలభై మందికి చూచుట ఆదేశాలు ఒక్కొక్కటే నొక్కుతూ ఉంటుంది. పసుపు గడి వెలిగాక నేను తిరిగి చూస్తాను. ఈలోగా గోడమీద సున్నం పెచ్చు ఎక్కడ లేచిందో నాకు కంఠతా వచ్చేసింది.

నిన్న పదకొండింటికి గుమ్మంలో కొబ్బరిబొండాలు దించిన చప్పుడైంది.

"వీరభద్రం గారూ! నేనండి, లోవరాజునండి. మొన్నటినుంచీ దింపుకి ఎల్తున్నానండి. నిన్న ముప్పై సెట్లెక్కానండి. సెయ్యి సూడండి ఓసారి, ఎలాగుందో!"

"చూడ్డానికి వీల్లేదయ్యా. నీ పేరుమీద ఆదేశం లేదు" అన్నాను గోడతో.

"ఆయ్" అన్నాడు. వెనకనుంచి నా కుర్చీ దగ్గరికి వచ్చిన అడుగుల చప్పుడు వినపడింది. కుర్చీ పక్కకి వేలాడుతున్న నా చేతిని తన కుడిచేత్తో అందుకుని గట్టిగా నొక్కాడు. కాయలు కాచిన అరచెయ్యి, ఐదువేళ్లూ సమంగా బిగిశాయి. నా వంకర చిటికెనవేలు కలుక్కుమంది.

"అమ్మో" అన్నాను.

లోవరాజు నవ్వాడు. నేను గోడకేసే చూస్తూ కళ్లు తుడుచుకున్నాను. ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది.